ర్యామ్ మీద అలగొద్దు చెల్లీ!

ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, మానిటర్ మీద మాత్రం ఏమీ రాదు. బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో ఒక్కో సామానూ ఏరుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని రాప్తాడు దాకా మోసుకొచ్చి, సొంతంగా బిగించుకున్న సిస్టమ్ ఇలా మొండికేస్తే ఏడుపు రాదా మరి? దానికి తోడు ఇంట్లో ఎవరో ఒకరు 'రెడీమేడ్‌ది కొనేసి ఉంటే సరిపోయేది కదా' అంటారు. అననీలే. ముందు ఆ ప్లగ్ పీకి, కాసింత టీ తాగు. కొత్తగా బిగించిన కంప్యూటర్ మొదటిసారే లేవకపోతే చాలాసార్లు దోషం ర్యామ్ దగ్గరే ఉంటుంది. అదీ ర్యామ్ చెడిపోయి కాదు తల్లీ, సరిగ్గా కూర్చోక.

మన భయమే దానికి కారణం. గట్టిగా నొక్కితే బోర్డు విరిగిపోతుందేమోనని సుతారంగా పెట్టి వదిలేస్తాం. అలా కుదరదు. స్లాట్ చివరి క్లిప్ తెరిచి, ర్యామ్ అంచులో ఉన్న గాడినీ స్లాట్‌లో ఉన్న గట్టునూ కలిపి చూసుకుని, రెండు బొటనవేళ్లూ రెండు చివర్ల మీద పెట్టి టక్‌మనేదాకా నొక్కాలి. కొన్ని బోర్డుల్లో క్లిప్ ఒకవైపే ఉంటుంది. రెండోవైపు టక్‌మనదు కాబట్టి అక్కడ సగం లేచి ఉన్నా మనకు తెలియదు. కళ్లు స్లాట్ ఎత్తుకు దించి పక్కనుంచి చూడు, ఎక్కడైనా వాలి ఉందా? గాడి అసలు కలవకపోతే మాత్రం బలం చూపించకు. డీడీఆర్4కీ డీడీఆర్5కీ పిన్నులు 288 చొప్పునే ఉన్నా గాడి చోటు వేరు. మరిదిగారి పాత సిస్టమ్‌లోంచి తీసిన డీడీఆర్3 అయితే ఈ బోర్డులో ఎక్కనే ఎక్కదు.

ఏ స్లాట్‌లో పెట్టావన్నదీ ముఖ్యమే. నాలుగు స్లాట్లుంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోదీ, నాలుగోదీ వాడమంటారు. పక్కపక్కన ఉన్నాయి కదా, చూడముచ్చటగా ఉంటాయని మొదటి రెండింట్లో పెట్టేయకు. బోర్డుతో వచ్చిన పుస్తకంలో ఏ2, బీ2 అని బొమ్మతో సహా ఉంటుంది. ఆ పుస్తకాన్ని పప్పుడబ్బా కింద పెట్టే అలవాటు మానుకోవాలి మనం! డీడీఆర్5 అయితే ఇంకో మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో కుదురుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. తెర నల్లగా ఉందని వెంటనే ఆపేశావంటే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. పావుగంట ఓపిక పట్టు.

ఇక మన ఊరి సంగతికొద్దాం. అనంతపురం గాలి పొడిగాలి, మట్టేమో ఎర్రమట్టి. ఎండాకాలంలో సింథటిక్ చీర సర్దుకుంటేనే చిటపటమంటుంది కదా, ఆ చిన్న నిప్పురవ్వే చిప్‌కు చేటు. నూలు బట్టలు కట్టుకో. రగ్గు మీద కూర్చుని బిగించకు. ర్యామ్ ముట్టుకునే ముందు ప్రతిసారీ కేబినెట్‌లో రంగు వేయని ఇనుమును ఓసారి తాకు. బంగారు రంగు పిన్నుల మీద వేలిముద్రలో దుమ్మో ఉంటే పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి పెట్టు. ఊదొద్దు, నోటి తడి తగులుతుంది.

కరెంటు పెట్టాక కేబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? అది ర్యామ్ జబ్బు కాదు, ఇంటి ఎర్తింగ్ జబ్బు. ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చిన ఎర్త్ గుంతకు తడి కావాలి. వానలే లేని మన నేలలో అది ఎండి గట్టిపడితే కరెంటు భూమిలోకి దిగదు. తాగడానికే నీళ్లు చూసుకుని వాడుకునే ఇంట్లో గుంతకు ఎవరు పోస్తారంటావా? బట్టలు ఉతికిన నీళ్లయినా పోయించు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించు, ఆ పని మాత్రం నువ్వు చేయొద్దు.

ఇన్ని చేసినా లేవలేదనుకో. రెండు ర్యామ్ స్టిక్‌లూ తీసేసి, ఒక్కదాన్ని ఏ2లో పెట్టి చూడు. తర్వాత దాన్ని తీసి, అదే స్లాట్‌లో రెండోది. మొదటిది పలికి రెండోది పలకకపోతే దోషం రెండోదానిదే. రెండూ ఒక స్లాట్‌లో పలికి, ఇంకో స్లాట్‌లో పలకకపోతే ర్యామ్‌ను తిట్టకు. స్లాట్‌నో, ప్రాసెసర్ కింద వంగిన పిన్నునో, ఒకవైపే బిగుసుకుపోయిన కూలర్‌నో అనుమానించు. ప్రతిసారీ ప్లగ్ పీకాకే చెయ్యి పెట్టాలి, గుర్తుందా?

సిస్టమ్ లేచింది గానీ 16 జీబీకి 15.8 చూపిస్తోందని కంగారా? కొంత గ్రాఫిక్స్ వాడుకుంటుంది, అంతే. ఎంత పెట్టినా 4 జీబీకి మించి వాడుకోకపోతే 32 బిట్ విండోస్ ఎక్కించారన్నమాట.

మధ్యమధ్యలో నీలం తెర వచ్చి ఆగిపోతుంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపి చూడు. పెట్టె మీద గొప్పగా రాసిన వేగం ఆ సెట్టింగ్‌తోనే వస్తుంది, అన్ని జతలూ దాన్ని తట్టుకోవు. వేర్వేరుగా కొన్న రెండు స్టిక్‌లైతే మరీనూ. అప్పటికీ అనుమానం తీరకపోతే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రాత్రంతా నడవనివ్వు. ఎన్ని తప్పులు ఫరవాలేదు అని అడుగుతావేమో, ఒక్కటి కూడా ఫరవాలేదు అనుకోకూడదు. ఎక్స్‌ఎంపీ ఆపాక కూడా తప్పులొస్తే మాత్రం అది వాపసు పంపాల్సిన సరుకే.

రాత్రి పాసై మిట్టమధ్యాహ్నం మొరాయిస్తోందా? అదీ ఉంది. ర్యామ్‌లోని గడులు చిల్లు కుండల్లాంటివి, వాటిలోని చార్జ్ కారిపోతూనే ఉంటుంది. 1968లో ఐబీఎం ఇంజినీర్ రాబర్ట్ డెనార్డ్ పేటెంట్ తీసుకున్న పద్ధతే ఇది. డీడీఆర్4లో అయితే మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు అన్ని గడులనూ మళ్లీ నింపుతుండాలి. చిప్ వేడి 85 డిగ్రీలు దాటితే కారడం ఎక్కువై, రెట్టింపు వేగంతో నింపాల్సి వస్తుంది. అందుకని మే నెలలో రేకుల గదిలో, గోడకు ఆనించి, దుమ్ముతో మూసుకుపోయిన కేబినెట్‌లో ర్యామ్‌ను ఉడికించకు. వెనక జానెడు జాగా వదులు, జాలీ దులుపు.

కొత్తది కొనేస్తే పోలా అనకు. ఏఐ డేటా సెంటర్లు చిప్‌లను లాగేసుకుంటుంటే 2025 చివర్లోనే ర్యామ్ ధరలు కొండెక్కి కూర్చున్నాయి. మంచి కంపెనీ ర్యామ్‌కు వారంటీ ఏళ్ల తరబడి ఉంటుంది. బిల్లు పేపర్ అక్షరాలు మాసిపోకముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో. జతగా కొన్నది పంపాల్సి వస్తే చాలాసార్లు రెండూ పంపమంటారు, ఒక్కటే చుట్టి పంపి మళ్లీ తిప్పలు పడకు. మామూలు ప్లాస్టిక్ కవర్‌లో వేయొద్దు, వచ్చిన డబ్బాలోనే పెట్టి కొరియర్‌కు ఇవ్వు. ఆ డబ్బా పారేయలేదు కదా?