చెమ్మ పట్టిన కిరాయి ఇంటిని గడువుకు ముందే ఖాళీ చేయడం ఎలా?

హైదరాబాద్ గౌలిగూడ గల్లీల్లో నాలుగు వానలు పడేసరికి కొన్ని ఇళ్ల గోడలు రంగు మారతాయి. నేల నుంచి మోకాలెత్తు దాకా నల్లటి చార, దాని పైఅంచున తెల్లటి ఉప్పు పొడి, బీరువా వెనక బూజు వాసన. అలాంటి ఇంట్లో 11 నెలల అగ్రిమెంటు మీద దిగాం, నాలుగో నెలకే పిల్లలకు దగ్గు పట్టుకుంది. ఏం చేయాలి? చాలామంది ఓనరుతో గొడవపడి, ఆ కోపంలోనే సామాను ఎత్తేస్తారు. మిగతావాళ్లు అడ్వాన్స్ పోతుందన్న భయంతో గడువు తీరేదాకా ముక్కు మూసుకుని ఉండిపోతారు. రెండూ అక్కర్లేదు. మొదట కాగితం, తరవాత మాట, ఆఖరున సామాను. ఈ వరస తప్పకపోతే చాలు. పదండి, ఒక్కో మెట్టూ కలిసి ఎక్కుదాం.

ముందుగా, ఈ చెమ్మ ఎక్కడిది?

కోఠీ నుంచి కిందికి దిగుతూ మూసీ ఒడ్డుకు చేరే నేల గౌలిగూడది. 1908 సెప్టెంబరు వరదలో మూసీ నగరాన్ని ముంచెత్తింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది ఆ తరవాతే. అయినా 2025 సెప్టెంబరులో ఆ జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు పక్కనే ఉన్న ఎంజీబీఎస్ బస్టాండు ఆవరణలోకి నీళ్లు వచ్చాయి. ఇక్కడి పాత ఇళ్లు చాలావరకు రాయి, సున్నంతో కట్టినవి. పునాదికీ గోడకూ మధ్య తేమను ఆపే పొర ఆ కాలపు కట్టడాల్లో సాధారణంగా ఉండదు. దాంతో నేలలోని నీరు గోడలోకి పాకుతుంది. పైగా సున్నపు గోడ మీద సిమెంటు పూత వేస్తే లోపలి తడి బయటికి ఆరే దారి మూసుకుపోయి ఇంకా పైకి ఎక్కుతుంది. అందుకే ఓనరు ఏటా లప్పం పెట్టించి రంగు వేయించినా మరుసటి వానాకాలానికి అది పెళ్లలుగా రాలిపోతుంది. ఈ సంగతి తెలిసి ఉంటే 'ఒక కోటు రంగు వేయిస్తాలే' అన్న మాటకు మనం తల ఊపం.

కావలసినవి

- అగ్రిమెంటు కాపీ (చేతిలో లేకపోతే ఇవాళే ఓనరును అడిగి ఫోటో తీసుకోండి)
- అడ్వాన్స్, కిరాయి కట్టినట్టు రుజువులు: యూపీఐ స్క్రీన్‌షాట్లు, రశీదులు
- తేదీ పడేలా పెట్టుకున్న ఫోన్ కెమెరా
- పెన్సిల్, కొలత టేపు
- వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్, వెడల్పాటి గమ్ టేపు
- తెల్ల కాగితాలు, కవర్లు, స్పీడ్ పోస్ట్ ఖర్చు
- డాక్టరుకు చూపించి ఉంటే ఆ ఓపీ చీటీ

పద్ధతి

1. చెమ్మ గోడదా, గాలిదా తేల్చుకుందాం. 'మీరు ఇంట్లో బట్టలు ఆరేస్తున్నారు, కిటికీలు తీయరు' అనేది ఓనర్లు మొదట అనే మాట. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకుందాం. తడిగా కనిపించే చోట గోడను పొడిగుడ్డతో తుడవండి. ఉప్పు పొడి ఉంటే టేపు అంటదు. జానెడు చదరపు ఫాయిల్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలేయండి. విప్పినప్పుడు గోడవైపు నీటిబొట్లు ఉంటే తడి గోడలోంచి వస్తున్నట్టు. గదివైపు ఉంటే తప్పు గాలిది. కిటికీలు తెరిచి, బట్టలు డాబా మీద ఆరేసి మరో వారం చూడండి. విప్పేటప్పుడు వీడియో తీయడం మరవొద్దు. మరక పైకప్పు నుంచి దిగుతుంటే స్లాబు, పక్కింటి బాత్రూము వైపు నుంచి వస్తుంటే పైపు అనుమానించాలి. ఈ రెండూ రిపేరుకు లొంగుతాయి. నేల నుంచి ఎక్కే చెమ్మ అంత తేలిగ్గా లొంగదు.

2. గోడ మీద గీత గీద్దాం. చెమ్మ పైఅంచు వెంట పెన్సిల్‌తో సన్నటి గీత గీసి, పక్కన తేదీ వేయండి. టేపు నిలబెట్టి, అంకెలు కనిపించేలా ఫోటో తీయండి. వారం తరవాత అదే చోట మళ్లీ చూడండి. గీత దాటి తడి పైకి పాకితే మరో గీత, మరో తేదీ. ఆ రెండు గీతలున్న ఒక్క ఫోటో గంటసేపు వాదించినదానికన్నా ఎక్కువ పని చేస్తుంది. బీరువా వెనక, మంచం కింద, అటకల మూలల్లో కూడా ఫోటోలు తీయండి. పాడైన బట్టలు, పుస్తకాలు పారేసేలోపు వాటివీ తీయండి. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, దగ్గు ఉంటే దగ్గర్లోని ఉస్మానియా ఆసుపత్రిలోనో, మీకు అలవాటైన డాక్టరు దగ్గరో చూపించి, చెమ్మ ఇంట్లో ఉంటున్న సంగతి చెప్పండి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవారికి శ్వాస సమస్యలు, ఉబ్బసం ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోనే చెప్పింది.

3. అగ్రిమెంటు చదువుదాం. మొదటి రోజు సంతకం పెట్టిన తరవాత దాన్ని మళ్లీ తెరిచినవాళ్లు తక్కువ. ఇంగ్లీషులో ఉంటే చదవగలిగినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. మనం వెతకాల్సినవి మూడే. నోటీసు ఎన్ని నెలలు? లాక్-ఇన్, అంటే ఇన్ని నెలలదాకా ఖాళీ చేయకూడదన్న షరతు, ఉందా? రిపేర్లు ఎవరు చేయించాలి?

నోటీసు ఒక నెల అని రాసి ఉండి, లాక్-ఇన్ లేకపోతే మన పని సగం అయిపోయినట్టే. అగ్రిమెంటే లేదు, నోటమాట మీద నెలనెలా కిరాయి కడుతున్నాం అంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. లాక్-ఇన్ ఉంటే కంగారు పడకండి. 'మిగిలిన నెలల కిరాయి మొత్తం కట్టాలి' అని రాసుకున్నా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు ఇప్పించేది ఆ మొత్తానికి మించని న్యాయమైన పరిహారమే. అంటే బేరానికి చోటుంది. ఇక 11 నెలల లెక్క ఎందుకంటారా? ఏడాది దాటిన కిరాయి ఒప్పందాలను రిజిస్టరు చేయించాలని మూసీ వరద వచ్చిన ఆ 1908లోనే వచ్చిన రిజిస్ట్రేషన్ చట్టంలో మొదట ఉండేది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఒక నెల తగ్గించే అలవాటు వచ్చింది.

4. రిపేరు కోసం మొదటి ఉత్తరం. ఖాళీ చేస్తామని ఇప్పుడే అనొద్దు. ముందు రిపేరు అడుగుదాం. ఏ గది, ఏ గోడ, ఎంత ఎత్తు, ఎప్పటి నుంచి అని నాలుగు వాక్యాల్లో రాసి, రెండు మూడు వారాల గడువు ఇచ్చి, ఫోటోలతో వాట్సాప్‌లో పంపండి. అగ్రిమెంటు ప్రకారం ఓనరు చేయించాల్సిన రిపేరును, చెప్పాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారే చేయించి ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకునే వీలు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. నిజం చెప్పాలంటే నేల చెమ్మకు ఆ దారి నేను ఎవరికీ చెప్పను. మేస్త్రీ కూలి, సామాన్లు అంటూ డబ్బు పోతుంది, గోడ మాత్రం మళ్లీ తడుస్తుంది. ఉత్తరం వల్ల మనకు దక్కేది వేరే: మనం చెప్పాం, వాళ్లు చేయించలేదు అన్న రుజువు.

5. ఎదురుగా కూర్చుని మాట్లాడదాం. ఉత్తరానికి జవాబు రాకపోయినా, లప్పం మాటే వచ్చినా, ఫోన్లో కాకుండా ఇంటికి వెళ్లండి. తెలుగుతోపాటు హిందీ, ఉర్దూ, మరాఠీ, మార్వాడీ వినిపించే బస్తీ ఇది. ఓనరుకు ఏ భాష సౌకర్యమో అందులోనే మాట్లాడండి. 'అంకుల్, పిల్లాడికి దగ్గు తగ్గట్లేదు. మీ ఇంటిని తప్పు పట్టడం లేదు, మాకు ఇక్కడ పడట్లేదు. నోటీసు ఇచ్చి పద్ధతిగానే వెళ్తాం' అంటే చాలు. చాలామంది ఓనర్లకు అసలు భయం ఇల్లు ఖాళీగా ఉంటుందనే. 'టు-లెట్ బోర్డు ఇవాళే పెట్టండి, ఎవరైనా చూడటానికి వస్తే సాయంత్రాలు మేం తలుపు తీసి చూపిస్తాం' అనండి. లాక్-ఇన్ ఉన్నచోట ఈ ఒక్క మాట ఒక నెల కిరాయిని మిగల్చగలదు. అయితే చూడటానికి వచ్చినవారు అడిగితే చెమ్మ సంగతి దాచొద్దు.

ఇంటికి వచ్చాక, మాట్లాడుకున్నదంతా వాట్సాప్‌లో పెట్టండి: 'అంకుల్, ఇవాళ అనుకున్న ప్రకారం ఫలానా తేదీకి ఖాళీ చేస్తాం, అడ్వాన్స్ ఆ రోజే ఇస్తామన్నారు.' ఆయన 'ఓకే' అన్నా, దండం బొమ్మ పెట్టినా దాన్ని భద్రం చేయండి.

6. ఖాళీ నోటీసు రాద్దాం. ఇలా ఉంటే చాలు:

శ్రీయుత (ఓనరు పేరు) గారికి,
నమస్కారం. గౌలిగూడలోని మీ ఇంటి నంబరు ......లో ...... తేదీ నుంచి కిరాయికి ఉంటున్నాం. ముందు గది గోడ, వంటగది గోడ నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు చెమ్మగిల్లాయి. ఈ సంగతి ...... తేదీన మీకు రాశాం. రిపేరు జరగలేదు. అందువల్ల అగ్రిమెంటులోని నోటీసు షరతు ప్రకారం ...... తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీ చేతికి ఇస్తాం. ఆ రోజే మీటరు రీడింగు చూసుకుని, బాకీలు ఉంటే మినహాయించి, అడ్వాన్స్ రూ. ...... ఇప్పించగలరు.
ఇట్లు,

రెండు కాపీలు రాయండి. ఒకటి చేతికిచ్చి, రెండోదాని మీద 'ముట్టినది' అని సంతకం, తేదీ తీసుకోండి. సంతకం పెట్టనంటే వాదించకుండా అబిడ్స్ జీపీవోకు నడవండి, స్పీడ్ పోస్ట్ చేసి రశీదు దాచుకోండి. ఉత్తరం చేరిందో లేదో ఆ రశీదు మీది నంబరుతో చూడొచ్చు.

7. తేదీ పెట్టుకుందాం. ఇక్కడే కొత్తవాళ్లు తడబడతారు. చెమ్మ బయటపడేది వానాకాలంలో. అదే సమయానికి ఆషాఢం వస్తుంది. ఆషాఢంలో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పెద్దవాళ్లు ఒప్పుకోరు. అందుకని నోటీసు ఆషాఢంలో ఇచ్చి, శ్రావణంలో మారేలా లెక్క వేయండి. శ్రావణం దాటితే భాద్రపదం, మళ్లీ శూన్యమాసమే. మంగళ, శుక్రవారాల పట్టింపు మనకు లేకపోయినా ఓనరింట్లో ఉండొచ్చు, అడగండి. ఇంకోటి: గణేశ్ నిమజ్జనం రోజు, గౌలిగూడ రామ మందిరం నుంచి హనుమాన్ జయంతి శోభాయాత్ర బయల్దేరే రోజు బండి మాట్లాడుకోవద్దు. దారులు మూసేస్తారు. ఇరుకు గల్లీల్లోకి డీసీఎం వ్యాను రాదు. ట్రాలీ ఆటోతో రెండు విడతలు మోయించడమే మేలు. చెమ్మ తగిలిన పరుపులు, చెక్క సామాను ముందే ఎండలో పెట్టి, దులిపి ఎక్కించండి. లేకపోతే బూజును కొత్తింటికి మనమే మోసుకెళ్తాం.

8. ఇల్లు అప్పగిద్దాం. ఖాళీ గదులన్నీ ఊడ్చి, ఒక్క వీడియోలో గోడలు, ఫ్యాన్లు, కొళాయిలు చూపిస్తూ తీయండి. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసి, ఆ రోజుదాకా లెక్క కట్టండి. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల కిరాయి కోసుకోవడం ఊళ్లో రివాజు. అగ్రిమెంటులో అలా ఉంటే మాట్లాడటానికి పెద్దగా లేదు. లేకపోతే రెండు గీతల ఫోటో చూపించండి: మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడు, ఇక నేలలోంచి ఎక్కిన చెమ్మ మన వాడకం వల్ల వచ్చిందే కాదు. అడ్వాన్స్ చేతిలో పడ్డాక తాళాలు ఇచ్చి, 'తాళాలు ముట్టాయి, బాకీ లేదు' అని రెండు వాక్యాలు రాయించుకోండి.

తరచూ జరిగే తప్పులు

అడ్వాన్స్‌లో సర్దుకోమని చెప్పి ఆఖరి రెండు నెలలు కిరాయి ఆపేయడం అన్నిటికన్నా పెద్దది. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే అలా చేస్తే అప్పటిదాకా బాధితులమైన మనమే బాకీదారులమవుతాం.

తాళాలు వాచ్‌మన్‌కో పక్కింటివాళ్లకో ఇచ్చి వెళ్లడం రెండోది. తాళాలు ఓనరు చేతికి చేరలేదంటే ఇల్లు ఇంకా మన దగ్గరే ఉందని కిరాయి అడగొచ్చు. ఓనరు ఊళ్లో లేకపోతే ఎవరికివ్వాలో వాట్సాప్‌లో రాయించుకోండి.

గోడ పెచ్చులు మనమే ఊడగొట్టి చూపించడం, ఫోటోలు తీసేలోపే బూజు కడిగేయడం, కోపంలో మాట తూలి దాన్ని వాయిస్ మెసేజ్‌గా పంపడం కూడా మానుకోవాలి.

ఇంత చేసినా అడ్వాన్స్ ఇవ్వకపోతే లాయరు నోటీసు తరవాతి మెట్టు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్ణీత ఆదాయానికి లోబడినవారికి న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయరు సాయం దొరుకుతుంది. మీ దగ్గరున్న కాగితాలన్నీ తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి.

కొత్త ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు గోడ అలమరాలు తెరిచి వాసన చూడండి. నడుమెత్తు దాకా మాత్రమే కొత్త రంగు వేసి ఉంటే అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.