పిల్లల కోపం ముందు ముందుగా మన చేతిలో కర్ర పారేద్దాం

దామోదర లీల మనందరికీ తెలిసిందే. అందులో ఒక చిన్న విషయం దగ్గర ఈ రోజు కాస్త ఆగుదాం.

కన్నయ్య ఒళ్ళో పాలు తాగుతుంటే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని యశోదమ్మ వాణ్ణి దించేసి లోపలికి పరిగెత్తింది. వాడికి ఉక్రోషం వచ్చి రాయితో పెరుగు కుండ పగలగొట్టాడు. అమ్మ తిరిగొచ్చి చూసి ముందు నవ్వింది. తర్వాత కర్ర పట్టుకుని వెంటపడింది. దొరికాక వాడి భయం చూసి కర్ర పారేసింది. అలాగని వదిలేసిందా? లేదు, రోటికి కట్టింది. భయం తీసేసింది, క్రమశిక్షణ మాత్రం వదలలేదు.

ఇది నాకు మా ఇంట్లోనే అర్థమైంది. మా బాబుకి ఐదేళ్ళు. ఒక రాత్రి ఫోన్ తీసేసుకున్నానని అన్నం కంచం విసిరేశాడు. నేను చెయ్యెత్తాను. వాడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడికి ఆ అలవాటు చేసింది నేనే కదా అని అప్పుడు తెలిసింది. చెయ్యి దించేశాను.

అదే కన్నయ్య పెద్దయ్యాక గీత రెండో అధ్యాయంలో చెప్పాడు: కోపం వల్ల మోహం, దాని వల్ల మరుపు, చివరికి బుద్ధే పోతుందని. బుద్ధి పని చేయని సమయంలో పాఠం చెబితే ఎలా ఎక్కుతుంది? అది పిల్లలకీ అంతే, మనకీ అంతే.

కాబట్టి ఇలా చేసి చూడండి.

1. ముందు మీ ఊపిరి. మెల్లగా పీల్చి, అంతకంటే మెల్లగా వదలండి. ఐదు సార్లు చాలు. కావాలంటే ఒక్కోసారి మనసులో నామం అనుకోండి.

2. నిలబడి అరవకండి. పిల్లాడి ఎత్తుకి కిందకి కూర్చోండి.

3. ఒక్క మాటే చెప్పండి: "కోపం వచ్చింది కదా నాన్నా, నేనిక్కడే ఉన్నాను." కొడుతుంటే నొప్పి కలగకుండా చేతులు పట్టుకుని ఆపండి.

4. అడిగింది మాత్రం ఇవ్వకండి. ఏడ్చాడని ఫోన్ ఇస్తే, రేపు ఇంకా గట్టిగా ఏడుస్తాడు.

5. చల్లబడ్డాక మంచినీళ్ళిచ్చి, అప్పుడు మాట్లాడండి. ఆ రాత్రి మా బాబూ నేనూ కలిసే మెతుకులు ఏరాం.

రోజూ ఇది కుదురుతుందా అంటే, నాకూ కుదరదండి. కుదరని రోజు "అమ్మ అరిచింది, తప్పు నాన్నా" అని చెప్పేస్తాను. తప్పు ఒప్పుకోవడం కూడా పిల్లలు మన దగ్గరే నేర్చుకోవాలి కదా.

శ్రీకృష్ణార్పణం.