కొత్తవారు గుమ్మం దగ్గరే వెనుదిరిగితే

మన సొసైటీ స్కాలర్‌షిప్‌తో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి ఇంటర్నెట్‌లోని ఒక ప్రశ్నోత్తరాల వేదికలో చేరింది. మూడు ప్రశ్నలు అడిగింది. మొదటిది ఇదివరకే ఎవరో అడిగారని మూసేశారు. మిగతా రెండూ బాగాలేవని సభ్యులు ఓట్లు వేశారు. నాలుగోది అడగబోతే, ఇకపై ఆమె ఖాతా నుంచి ప్రశ్నలు తీసుకోబోమని తెర మీద కనిపించింది. ఆ నిర్ణయం తీసుకున్నది మనిషి కాదు, యంత్రం. "నేను చేసిన తప్పేమిటి సార్?" అని ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. దాన్ని వెతుకుతూ మేము తెలుసుకున్న సంగతులను దాతలైన మీ ముందు ఉంచుతున్నాము.

యంత్రం ఎందుకు వచ్చింది?

ముందు అవతలి వైపు మాట కూడా వినాలి. అందరికీ తెలిసిన వికీపీడియానే తీసుకుందాం. 2001 జనవరిలో మొదలైన ఈ విజ్ఞాన సర్వస్వంలో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. పేరు పెరిగేకొద్దీ మంచివారితో పాటు ఆకతాయిలూ, ప్రకటనలు అంటించేవారూ వచ్చారు. జీతం లేకుండా పనిచేసే కార్యకర్తలు వారి చెత్తను ఎత్తిపోయలేక అలసిపోయారు. అందుకే కాపలా పని ప్రోగ్రాములకు అప్పగించారు.

2010లో ఆంగ్ల వికీపీడియాలో వచ్చిన క్లూబాట్ ఎన్‌జీ అలాంటిదే. మనుషులు మంచివి, చెడ్డవి అని ముందే వేరు చేసిన మార్పులను చూసి అది నేర్చుకుంటుంది. కొత్తగా వచ్చిన ప్రతి మార్పుకూ ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె హద్దు దాటితే క్షణాల్లో తొలగిస్తుంది.

ఆ హద్దు ఎక్కడ ఉండాలన్నదే అసలు ప్రశ్న. దాని తయారీదారులు చెప్పిన లెక్క ఇది: మంచి మార్పుల్లో పొరపాటున తొలగించేవి 0.1 శాతం, అంటే వెయ్యికి ఒకటి మించకూడదనుకుంటే, చెడు మార్పుల్లో దాదాపు 40 శాతమే పట్టుబడతాయి. దాన్ని 0.25 శాతానికి పెంచితే దాదాపు 55 శాతం పట్టుబడతాయి. దొంగలను ఎక్కువమందిని పట్టాలంటే అమాయకులూ ఎక్కువమంది చిక్కుతారన్నమాట. ఎందరు చిక్కితే ఫరవాలేదో నిర్ణయించేది యంత్రం కాదు, మనుషులే.

నష్టం ఎవరికి?

పాత సభ్యుడి రాత తొలగిపోతే ఎవరిని అడగాలో అతనికి తెలుసు. కొత్తవాడికి తెలియదు. తనను వెళ్లగొట్టారనుకుని మౌనంగా వెళ్లిపోతాడు.

ఆంగ్ల వికీపీడియాలో చురుకుగా రాసేవారి సంఖ్య 2007లో 50 వేలు దాటింది. 2013 నాటికి అది దాదాపు 31 వేలకు పడిపోయింది. ఆరన్ హాఫేకర్, ఆయన సహచరులు దీనిపై చేసిన పరిశోధన 2013లో వెలువడింది. మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారి రాతలను కూడా తిరస్కరించడం ఎక్కువైందనీ, అలా దెబ్బతిన్నవారు నిలవడం తగ్గిందనీ వారు తేల్చారు. తప్పు ప్రోగ్రాములది ఒక్కటే కాదు. ఒక్క నొక్కుతో ఇతరుల రాతను తొలగించే పనిముట్లు పాత సభ్యుల చేతికి వచ్చాయి. నియమాలు పెరిగాయి, వాటిని మార్చడం కష్టమైంది. చెడును ఆపడానికి కట్టిన గోడ రేపటి కార్యకర్తలనూ ఆపింది.

దిద్దుబాటు

వికీపీడియా వారు తప్పును గుర్తించి 2012లో టీహౌస్ అనే చోటు తెరిచారు. చాయ్ కొట్టు పేరే! అక్కడ కొత్తవారు ఏ చిన్న ప్రశ్నైనా అడగవచ్చు, పాతవారు ఓపికగా జవాబిస్తారు. క్లూబాట్ కూడా పొరపాటు జరిగితే ఎక్కడ చెప్పుకోవాలో తన సందేశంలోనే తెలుపుతుంది. 2003లో మొదలైన మన తెలుగు వికీపీడియాలో కొత్త సభ్యుల చర్చా పేజీలో స్వాగత సందేశం పెట్టే అలవాటు ఉంది.

మనకు పాఠం

మొదటిది, కాదన్నప్పుడు కారణం చెప్పాలి. రెండవది, యంత్రం చెప్పిన తీర్పును మళ్లీ చూసేందుకు ఒక మనిషి ఉండాలి. మూడవది, దిద్దుకుని తిరిగి వచ్చేవారికి తలుపు తెరిచి ఉండాలి.

ఈ పాఠం ఇంటర్నెట్‌కే కాదు, మనకూ వర్తిస్తుంది. ఆదాయ ధ్రువపత్రం జత చేయలేదని మనం పక్కన పెట్టే స్కాలర్‌షిప్ దరఖాస్తు కూడా ఒక కొత్తవారి మొదటి అడుగే. ఆ ఇంట్లో ఫారం నింపడం తెలిసినవారు లేకపోవచ్చు. దాతల సొమ్ముకు మనం జవాబుదారులం కాబట్టి పరిశీలన మానలేము. కానీ తిరస్కరించే ముందు ఒక ఫోన్ చేయగలము.

ఆ విద్యార్థిని పక్కన కూర్చుని, ప్రశ్న ఎలా అడగాలో, అడిగే ముందు ఏం వెతకాలో మన పూర్వ విద్యార్థి ఒకరు నేర్పారు. ఆమె చదువు మానలేదు. మీరిచ్చే విరాళం ఫీజు కడుతుంది. దానితో పాటు చదువుకున్న పెద్దలు నెలకు ఒక గంట ఒక కొత్త విద్యార్థికి ఇస్తే, ఇన్షా అల్లాహ్, గుమ్మం దగ్గర ఆగిపోయే పిల్లలు లోపలికి అడుగు పెడతారు.