రామప్ప ప్రాజెక్టులో మార్కులు దేనికి?



ఫార్మేటివ్ అసెస్‌మెంట్ దగ్గరపడితే చాలా ఇళ్లలో రాత్రి పదింటికి ఏం జరుగుతుందో మీకు తెలిసిందే. పాప నిద్రకు తూగుతుంటుంది, అమ్మ థర్మకోల్ కోస్తుంటుంది, నాన్న ఫెవికాల్ కోసం షాపుకు పరిగెడతాడు. మర్నాడు బడికి వచ్చే గుడి నమూనా అందంగానే ఉంటుంది. పాపకు ఏం అర్థమైందో మాత్రం అందులో కనపడదు.

సోషల్ ప్రాజెక్టు అనగానే మన వరంగల్ ప్రాంతంలో ముందు గుర్తొచ్చేది పాలంపేట. ఇప్పుడది ములుగు జిల్లాలో ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి పని 1213లో మొదలైంది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దీని మీద మామూలుగా వచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "రామప్ప దేవాలయ నిర్మాణ విశిష్టతలు వివరించండి. 10 మార్కులు."

తప్పేముంది అనిపిస్తుంది. కానీ "విశిష్టతలు" అంటే ఎన్ని, ఏవి? గైడులో ఉన్నది బట్టీ పట్టినవాళ్లకు సులువే. చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉన్న బాబుకు శిఖరంలోని ఇటుకలు నీళ్లలో ఎందుకు తేలుతాయో బాగా తెలిసి ఉండొచ్చు. మూడు పేరాలు రాసేలోపు బెల్ కొట్టేస్తారు. నిన్నమొన్నటి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన పాప ఇంగ్లిష్ మాట కోసం వెతుక్కుంటూనే ఉంటుంది. ఇద్దరికీ మూడేసి మార్కులు. ఇంటికొచ్చాక మనం "సరిగ్గా చదవలేదు" అంటాం.

అదే ప్రశ్నను ఇలా అడగవచ్చు: "పునాదిలో ఇసుక, శిఖరంలో తేలికైన ఇటుక వాడారు. ఈ రెండూ గుడికి ఎలా ఉపయోగపడ్డాయి?" జవాబు రాయొచ్చు, భాగాల పేర్లతో బొమ్మ గీయొచ్చు, టీచర్ ముందు మూడు నిమిషాలు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో చెప్పొచ్చు. సరైన విషయాలకు 4, కారణం చెప్పినందుకు 4, సొంత పరిశీలనకు 2 మార్కులు. చార్టు మీద మెరుపులకు సున్నా. ఈ లెక్క ప్రాజెక్టు ఇచ్చిన రోజే పిల్లల చేతిలో ఉండాలి.

గుడికి తీసుకెళ్లినా ఇదే ఆలోచన ఉండాలి. గుడి ఎత్తైన నక్షత్రాకారపు వేదిక మీద ఉంది, మెట్లెక్కాలి. నల్లరాతి మదనికలు చూరు కింద పైన ఉంటాయి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలకు, చూపు సరిగ్గా లేని పిల్లలకు "చూసి రాయండి" అంటే ఎలా? శిల్పాలను తాకనివ్వరు, తాకకూడదు కూడా. పెద్ద ఫొటోలు ముందే ఇవ్వొచ్చు. క్లాసులో ఒక బకెట్ నీళ్లు, ఇటుక ముక్క, అదే సైజు కర్రముక్క పెడితే చేత్తో బరువు చూసి, ఏది తేలిందో తడిమి తెలుసుకోవచ్చు. పాలంపేట దాకా రాలేని పిల్లలకూ ఇది పనికొస్తుంది. కళ్లు బాగా కనిపించేవాళ్లకు కూడా పాఠం దీంతోనే ఎక్కువ గుర్తుంటుందని నా అభిప్రాయం.

"మా వాడు కష్టపడి రాస్తాడు, ఇంకొకరికి నోటితో చెబితే మార్కులా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఏం పరీక్షిస్తున్నామన్నదే దీనికి జవాబు. ఇంగ్లిష్ వ్యాసరచన పరీక్షలో నోటితో చెబితే కుదరదు, రాయాల్సిందే. అక్కడ అదనపు సమయం ఇవ్వొచ్చు. పఠన పరీక్షలో పేరా మనమే చదివి వినిపిస్తే ఇక పరీక్ష దేనికి? సోషల్‌లో ప్రశ్న చదివి వినిపిస్తే మాత్రం ఏ నష్టమూ లేదు. పైగా బొమ్మ గీసే అవకాశం, చెప్పే అవకాశం మీ వాడికీ ఉన్నాయి.

ఇది దయాదాక్షిణ్యాల సంగతి కూడా కాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 రకాల్లో నేర్చుకోవడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులూ ఉన్నాయి. అదనపు సమయం, జవాబు రాసిపెట్టే సహాయకుడు వంటి మార్పుల గురించి ఆ చట్టమే చెబుతోంది. సీబీఎస్‌ఈ పరీక్షల్లో అర్హులకు గంటకు 20 నిమిషాలు, అంటే మూడు గంటల పేపరుకు మరో గంట ఇస్తారు.

ఇక్కడ మీతో ఒక మాట నేరుగా చెప్పాలి. క్లాసులో పేరు పడిపోతుందని, రేపు సంబంధాల దాకా వెళ్తుందని కొందరు పిల్లల ఇబ్బందిని మాకు చెప్పరు. మీ భయం అర్థమవుతుంది. కానీ పదో తరగతి హాల్‌టికెట్లు వచ్చే వేళకు చెబితే డాక్టరు పరీక్షలు, సర్టిఫికెట్, బోర్డు అనుమతి అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆరు, ఏడు తరగతుల్లోనే చెబితే ముందు క్లాస్ టెస్టుల్లో ప్రయత్నించి, పిల్లలకు ఏది పనికొస్తుందో చూడొచ్చు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు ప్రోగ్రెస్ కార్డుతో పాటు ఒక చిన్న కాగితం తీసుకురండి. మీ బాబు లేదా పాప ఇంట్లో నోటితో చెప్పగలిగి, పేపర్లో రాయలేకపోయిన ప్రశ్న ఒకటి దాని మీద రాయండి. అందరి ముందు మాట్లాడటం ఇష్టం లేకపోతే క్లాస్ టీచర్‌ను విడిగా టైమ్ అడగండి.