దూరపు వర్తకునియొద్ద కొన్న పాతకారు చెడినచో
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

గ్రామములలో నేడు కారు విలాసవస్తువు కాదు. రోగిని ఆసుపత్రికి చేర్చుటకు, పిల్లలను చదువులకు పంపుటకు, బాడుగకు త్రిప్పి జీవనము గడపుకొనుటకు పలువురు పాతకార్లను కొనుచున్నారు. తక్కువ ధర ఆశచే దూరనగరముల వర్తకులయొద్ద, ఫోటోలు మాత్రము చూచి కొనువారును కలరు. బండి ఇల్లు చేరిన పిమ్మట లోపము బయటపడినచో, “అంతదూరము పోయి ఎవరితో వాదింపగలము?” అని ఊరకుందురు. ఇట్టివారు తొలుత సలహాకు వచ్చునది పంచాయతీ సభ్యునియొద్దకే. కావున ఈ విషయమున సభ్యులు కొన్ని అంశములు తెలిసియుండుట అవసరము.

ఒక ఉదాహరణము

శ్రీకాకుళము జిల్లాలోని ఒక రైతు చెన్నై నగరపు వర్తకునియొద్ద మూడు లక్షల రూపాయలకు ఒక పాతకారు కొన్నాడనుకొందము. ప్రమాదములుగాని, నీట మునుగుటగాని లేదని వర్తకుడు ఫోనులో వ్రాసి పంపినాడు. బండి వచ్చిన పదవనాడు దారిలో ఆగిపోయినది. మెకానిక్ విప్పి చూడగా కాళ్ళక్రింది పట్టా అడుగున ఎండిన బురదయు, సీట్ల ఇనుపపట్టీలకు త్రుప్పును, తీగలకు చిలుమును కనిపించినవి. అనగా అది వరదనీట మునిగిన బండి. వర్తకుని అంగడి 900 కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ రైతు ఏమి చేయవలెను?

మొదటి పని: సాక్ష్యమును కాపాడుట

లోపము కనిపించిన వెంటనే బండిని నడుపుట మానవలెను. తొందరపడి మరమ్మతు చేయించినచో, లోపము మొదటినుండియు కలదని రుజువు చేయుట కష్టమగును. బురద, త్రుప్పు, కిలోమీటర్ల మీటరు కనబడునట్లు ఫోటోలు తీయించవలెను. మెకానిక్ అభిప్రాయమును తేదీతో, సంతకముతో వ్రాయించుకొనవలెను. ప్రకటన, రశీదు, బ్యాంకు చెల్లింపు, ఫోను సందేశములు ఏవియు చెరిపివేయరాదు.

రెండవ పని: వ్రాతమూలకముగా తెలుపుట

1930 నాటి వస్తువిక్రయ చట్టము ప్రకారము, కొన్నవాడు తగిన కాలములో తిరస్కారమును తెలుపక వస్తువును ఉంచుకొన్నచో, దానిని అంగీకరించినట్లే భావింపబడును. కావున మౌనము ప్రమాదకరము. తిరస్కరించు హక్కు కలిగి, ఆ సంగతి అమ్మినవానికి తెలియజేసినచో చాలును. వేరుగా ఒప్పందము లేనప్పుడు వస్తువును తిరిగి చేర్చవలసిన బాధ్యత కొన్నవానిపై లేదు. కనుక చెడిన బండిని చెన్నైకి ఈడ్చుకొనిపోవలసిన పని లేదు. లోపము, కోరు పరిహారము, గడువు తెలుపుచు స్పీడ్‌పోస్టులో జాబు పంపి, రశీదును దాచుకొనవలెను.

మూడవ పని: సొంత జిల్లాలో ఫిర్యాదు

1986 నాటి వినియోగదారుల చట్టము క్రింద, సాధారణముగా వర్తకుడున్నచోటనో, వ్యవహారము జరిగినచోటనో ఫిర్యాదు చేయవలసియుండెను. 2020 జులైలో అమలులోనికి వచ్చిన 2019 నాటి చట్టము ఈ కష్టమును తొలగించినది. ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే దావా వేయవచ్చును. చెల్లించిన ధర 50 లక్షలు మించనిచో అది జిల్లా కమిషన్ పరిధిలోనిదే. ధర 5 లక్షల వరకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. ఇంటర్నెట్టు ద్వారా ఫిర్యాదు చేయుటకును, వీడియో మూలకముగా విచారణ కోరుటకును వీలు కలదు. అయితే కారణము ఏర్పడిన 2 సంవత్సరముల లోపల ఫిర్యాదు దాఖలు చేయవలెను. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రపు సలహా పొందవచ్చును.

గమనింపవలసిన పరిమితులు

ప్రతి పాతకారునకు అరుగుదల సహజము. పాతబడిన టైర్లకు, కొనునాడే కంటికి కనిపించిన లోపమునకు పరిహారము లభించుననుకొనరాదు. దాచిన లోపము, పలికిన అబద్ధము వేరు. వర్తకుడు కాని సామాన్యవ్యక్తి తన సొంతబండిని అమ్మినచో ఈ కమిషన్ వర్తింపదు. సివిలు కోర్టే శరణ్యము. లాభాపేక్షతో వ్యాపారమునకు కొన్నవారు వినియోగదారులు కారు. కాని స్వయంఉపాధిచే జీవనోపాధి కొరకే కొన్నవారికి ఈ రక్షణ కలదు.

కొనకముందే జాగ్రత్త

బండిని నమ్మకమైన మెకానిక్‌తో స్వయముగా చూపించవలెను. వర్తకుని మాటలను రశీదుపై వ్రాయించవలెను. పాతవాహనముల వర్తకులు రవాణాశాఖ నుండి అధికారపత్రము పొందవలెనను నియమము 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ పత్రమును అడిగి చూడవలెను. అప్పు తీరినట్లు ఫైనాన్సు సంస్థ పత్రము, అన్యరాష్ట్రపు బండియైనచో అచ్చటి రవాణాశాఖ నిరభ్యంతర పత్రము లేనిదే పూర్తి పైకము చెల్లింపరాదు. కొన్న 30 దినములలోపల పేరుమార్పు కొరకు తన ప్రాంతపు రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. భీమా మార్పునకు గడువు 14 దినములు.

మోసపోయినవాడు సిగ్గుచే దాచుకొనును. కాలము గడచినకొలది హక్కు సన్నగిల్లును. అట్టివానిని పరిహసింపక, మొదటి జాబు ఆనాడే వ్రాయించుట, కాగితములు వరుసగా కూర్పించుట పంచాయతీ సభ్యుడు చేయదగిన మేలు. వర్తకుడు దూరమున నున్నను న్యాయము జిల్లా కేంద్రముననే కలదని గ్రామస్థులకు తెలియజెప్పవలెను.