వర్తకుని మాటయు వీఆర్ హెడ్‌సెట్టును

అల్మాస్‌గూడ నివాసి యొకడు, సోనీ సంస్థ ప్లేస్టేషన్ 5 కొఱకై 2023 ఫిబ్రవరిలో విడుదల చేసిన వీఆర్2 హెడ్‌సెట్టును, ఆ ప్లేస్టేషన్ తన యింట లేకున్నను, “మీ కంప్యూటర్‌కే పెట్టుకోవచ్చు సార్, చుట్టూ కనపడే వీడియోలన్నీ చూడొచ్చు” అని దుకాణదారుడు నమ్మబలుకగా కొనితెచ్చెననియు, తీఱ తగిలించినంతట తెర వెలుగకుండెననియు అనుకొందము. వస్తువు చెడిపోలేదు గనుక తిరిగి తీసికొనజాలమని దుకాణదారుడు చెప్పును. కొన్నవాడు తలవంచుకొని తిరిగివచ్చును. అట్లు రావలసిన పనిలేదు.

ఆ హెడ్‌సెట్టు కంప్యూటరుతో పనిచేయుటకు సోనీవారే 2024 ఆగస్టులో ఒక అడాప్టరును వెలువరించిరి. కాని దానితోబాటు డిస్‌ప్లేపోర్ట్ 1.4 కేబులును వేఱుగా కొనవలెను, తగిన గ్రాఫిక్స్ కార్డును బ్లూటూత్ సౌకర్యమును ఉండవలెను. హెచ్‌డీఎంఐ మాత్రమే గల ల్యాప్‌టాపుతో అది సాగదు. ఇవన్నియు సమకూడినను, కనుచూపును పసిగట్టుట, హెచ్‌డీఆర్ మొదలగు గుణములను సోనీవారు కంప్యూటరుపై కల్పింపలేదు. కొనువానికి ముందుగా తెలియవలసిన దిదియే.

వినియోగదారుల రక్షణ చట్టము, 2019, రెండవ సెక్షను పదవ ఉపవిభాగమున ‘లోపము’ను నిర్వచించుచు, శాసనమో ఒప్పందమో కోరిన ప్రమాణమునకు తగ్గుటనేగాక, వర్తకుడు ఏ రీతినైనను తెలిపిన ప్రమాణమునకు వస్తువు తగ్గుటను గూడ లోపముగనే పరిగణించినది. కావున యంత్రము విరుగకపోయినను, వర్తకుని మాట తప్పినచో వినియోగదారునికి హక్కు పుట్టును. అయితే వర్తకుడేమియు చెప్పక, పెట్టెపై ప్లేస్టేషన్ 5 కొఱకని స్పష్టముగ నుండగా తనంతట కొన్నవాని పక్షము బలహీనమని దాపరికము లేక చెప్పవలసియున్నది. ఇందువలననే నోటిమాటతో తృప్తిపడక, తన కంప్యూటరు వివరమును వ్రాసి, ఇది దానితో పనిచేయునని బిల్లుపైనగాని వాట్సాప్ సందేశముగగాని వ్రాయించుకొనుట మిక్కిలి అవసరము. బిల్లు నీయకపోవుటయు, లోపముగల వస్తువును బిల్లులోని గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోపల, తిరిగి తీసికొన నిరాకరించుటయు అనుచిత వ్యాపార పద్ధతులే. ఆన్‌లైనులో కొన్నచో, ప్రకటించిన గుణములు లేని వస్తువును విక్రేత వెనుకకు తీసికొనవలెనని 2020 నాటి ఈ-కామర్స్ నియమములు విధించినవి.

మొదట జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రపు 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అచట తెగనిచో, విక్రేత ఢిల్లీలో నున్నను, అల్మాస్‌గూడవాసి తన రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషనులోనే రెండు సంవత్సరములలోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ధర ఐదు లక్షలకు మించనిచో రుసుము లేదు, వకీలును పెట్టుకొనుటయు తప్పనిసరి కాదు.

దిల్‌సుఖ్‌నగరులో చిన్న గది అద్దెకు తీసికొని, బాలురకు వీఆర్ చూపి పొట్టపోసికొనువాని సంగతి వేఱు. వ్యాపారమునకై కొన్నవాడు సామాన్యముగ వినియోగదారుడు కాడు. కేవలము స్వయముపాధితో జీవించుటకై కొన్నవాడు మాత్రము వినియోగదారుడే యగును. కావున ఆతడు ఆ సంగతిని ఫిర్యాదు మొదటి పేరాలోనే వ్రాసికొనవలెను. లేనిచో ఎదుటిపక్షమువారి తొలి అభ్యంతర మదియే యగును.