త్రాగనివానికిని తెలియవలసిన నియమములు

పైచదువులకై బిడ్డను అమెరికాకు పంపు తల్లిదండ్రులు పొడుల డబ్బాలు మొదలుకొని ఉన్ని దుస్తుల వరకు అన్నియు జ్ఞాపకముంచుకొని పెట్టెలో సర్దుదురు. విశ్వవిద్యాలయము వారు పంపిన నియమావళిని మాత్రము చదువువారు అరుదు. అందు మద్యమును గూర్చిన ప్రకరణము కనబడినచో, "మనవాడు త్రాగడు గదా, ఇది మనకెందుకు?" అని పుట త్రిప్పివేయుదురు.

ఆ మాట సగమే నిజము. పదిమంది త్రాగినచోట తెలివితో మిగులువాడు త్రాగనివాడొక్కడే. ఒకని ప్రాణము మీదికి వచ్చినపుడు సహాయమునకు కబురు చేయవలసినవాడును వాడే. కావున ఆ నియమములు ఎట్లు పుట్టినవి, ఏమి చెప్పుచున్నవి, ప్రాణరక్షణకు ఎట్లు తోడ్పడును అను మూడు విషయములను క్రమముగా పరిశీలింతము.

1. వయస్సు నిబంధన

అమెరికాలో 1920 మొదలు 1933 వరకు దేశమంతట మద్యనిషేధము అమలులో నుండెను. అది రద్దయిన పిమ్మట ఆ విషయమున అధికారము చాలవరకు రాష్ట్రములకు దక్కినది. పెక్కు రాష్ట్రములు 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదని శాసించినవి. 1971లో రాజ్యాంగ సవరణ వలన 18 ఏండ్లవారికి వోటుహక్కు కలిగెను. వోటునకు తగినవాడు గ్లాసునకేల తగడను వాదము బయలుదేరి, అనేక రాష్ట్రములు ఆ వయస్సును 18, 19, 20 ఏండ్లకు తగ్గించినవి.

దాని ఫలితము రోడ్లపై కనబడినది. పడుచువారు నిబంధన సడలియున్న పొరుగు రాష్ట్రమునకు కారులో పోయి, త్రాగి, రాత్రివేళ మరలివచ్చుచు ప్రమాదముల పాలైరి. ఒకప్రక్క కట్టడి, వేరొకప్రక్క సడలింపు ఉన్నచో ఏమగునో రాష్ట్రముల సరిహద్దులలో నివసించు మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. మన దేశమునందును మద్యము రాష్ట్రముల అధికారములోని విషయమే.

1984లో అమెరికా కేంద్ర ప్రభుత్వము ఒక చట్టము చేసెను. 21 ఏండ్ల నిబంధన పెట్టని రాష్ట్రమునకు రహదారుల నిధులలో కొంత భాగము నిలిపివేయబడునని దాని సారము. సౌత్ డకోటా రాష్ట్రము దీనిని ఎదిరించి సుప్రీముకోర్టుకెక్కగా, 1987లో కోర్టు కేంద్రము పక్షముననే తీర్పు చెప్పినది. 1988 నాటికి అన్ని రాష్ట్రములును 21 ఏండ్ల నిబంధనకు వచ్చినవి.

డిగ్రీ తరగతులలో చదువువారు చాలమంది 18 మొదలు 22 ఏండ్ల లోపువారు. అందుచే ఒకే హాస్టలులో, ఒకే బల్లయొద్ద ఒకనికి బీరు చట్టసమ్మతమై, ప్రక్కవానికి నేరమగుచున్నది. 21 నిండినవాడు చిన్నవానికి సీసా కొని యిచ్చినచో ఆ యిచ్చినవాడును సాధారణముగా శిక్షార్హుడే.

2. విశ్వవిద్యాలయముల బాధ్యత

1989లో చేసిన మరియొక చట్ట సవరణ కేంద్ర సహాయము పొందు విద్యాసంస్థలకు వర్తించును. ప్రతి సంవత్సరము ప్రతి విద్యార్థికిని, ప్రతి ఉద్యోగికిని మద్యము, మాదకద్రవ్యములను గూర్చిన నియమములను వ్రాతమూలముగా అందజేయవలెను. నిషిద్ధమేది, శిక్ష యేది, ఆరోగ్యమునకు కలుగు హాని యేది, సలహా దొరకు చోటేది అను సంగతులు అందుండవలెను. రెండేండ్లకొకసారి ఆ నియమములు పనిచేయుచున్నవా, శిక్షలు అందరికిని సమముగా పడుచున్నవా అని సంస్థయే పరీక్షించుకొనవలెను. మనవారు త్రిప్పివేయు పుట వెనుక ఇంత చట్టము కలదు.

18 ఏండ్లు నిండిన విద్యార్థి సంగతులను అతని సమ్మతి లేక తల్లిదండ్రులకు తెలుపరాదని అచ్చట సామాన్య నియమము. 1998లో దీనికొక మినహాయింపు వచ్చినది. 21 నిండని విద్యార్థి మద్య నియమములను మీరినచో విశ్వవిద్యాలయము తల్లిదండ్రులకు తెలియజేయవచ్చును. ఇది అనుమతి మాత్రమే, విధి కాదు. కావున ఉత్తరము రానంత మాత్రమున ఏమియు జరుగలేదని తలంపరాదు.

ఇవిగాక ఒక్కొక్క సంస్థకు తన కట్టుబాట్లుండును. డార్ట్‌మత్ కళాశాల 2015లో నూటికి 15 వంతులు, అంతకుమించి ఆల్కహాలు గల ఘాటు మద్యమును, 21 దాటినవారికి సైతము, తన ఆవరణలో నిషేధించెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము 2016లో డిగ్రీ విద్యార్థుల విందులలో ఘాటు మద్యము కూడదనియు, వారి వసతిగృహములలో అట్టి మద్యపు సీసాలు 750 మిల్లీలీటర్ల కంటె చిన్నవిగా ఉండవలెననియు నియమించినది. సుమారు 355 మిల్లీలీటర్ల మామూలు బీరులో ఎంత ఆల్కహాలు కలదో, 44 మిల్లీలీటర్ల విస్కీలోను అంతే కలదు. ఇది 14 గ్రాములు. బీరుతో కడుపు నిండును. విస్కీ నాలుగు గుటకలు నిమిషములో దిగిపోవును. ప్రమాదము ఆ వేగములోనే కలదు.

ఈ నియమముల విషయమున పెద్దలలోనే భేదాభిప్రాయములున్నవి. 2008లో నూరుమందికి పైగా కళాశాలాధ్యక్షులు ఒక ప్రకటనపై సంతకము చేసి, 21 ఏండ్ల నిబంధన త్రాగుడును మాన్పలేదనియు, మూసిన తలుపుల వెనుకకు నెట్టినదనియు, దీనిని మరల చర్చింపవలెననియు కోరిరి. వయస్సు తగ్గించినచో రోడ్లపై మరణములు మరల పెరుగునని ఇతరులు గట్టిగా ఎదిరించిరి. చట్టము మారలేదు. కాని మూసిన తలుపు అన్నమాట మరువదగినది కాదు.

3. అభయ నిబంధన

మూసిన తలుపు వెనుక ఒకడు స్పృహ తప్పి పడియున్నాడు. చుట్టునున్నవారు 21 నిండనివారు. అంబులెన్సును పిలిచినచో పోలీసులు వత్తురు, కళాశాలవారు పేర్లు వ్రాసికొందురు. "కొంతసేపు పడుకొననిత్తము, ఉదయమునకు సర్దుకొనును" అని అందురు. క్రమశిక్షణకై పెట్టిన నియమమే ఇచ్చట ప్రాణమునకు ముప్పగుచున్నది.

2017 ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున 19 ఏండ్ల విద్యార్థి యొకడు, ఫ్రెటర్నిటీ యనబడు విద్యార్థి సంఘములో చేరిన రాత్రి, అచ్చట త్రాగించిన మద్యముతో మెట్లమీదినుండి పడెను. చుట్టునున్నవారు సహాయమునకు ఫోను చేయుటకు దాదాపు 12 గంటలు పట్టినది. మరి రెండు దినములు గడువకముందే అతడు మరణించెను. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు 2018లో ఆ రాష్ట్రము కఠినమైన చట్టము చేసినది. ఆ చట్టము క్రొత్తవారిని హింసించువారిని శిక్షించుటయేగాక, సహాయమునకై పిలిచినవానికి రక్షణయు కల్పించుచున్నది.

ఈ ఆలోచన అంతకు ముందే కొన్నిచోట్ల మొదలైనది. కార్నెల్ విశ్వవిద్యాలయము 2002లో అభయ నిబంధన నొకదానిని అమలుపరచినది. త్రాగి ప్రమాదములో నున్నవానికై సహాయమును పిలిచినవానిని, ఆ ప్రమాదములో నున్నవానిని గూడ, త్రాగుడు నేరమునకు శిక్షింపక, రోగిని సలహాదారుని యొద్దకు పంపుట దాని పద్ధతి. 2006లో ప్రకటింపబడిన పరిశీలన ప్రకారము సహాయమునకై వచ్చు పిలుపులు పెరిగినవి. తరువాత సలహా పొందినవారి పాలు రెండింతలు దాటినది. విద్యార్థుల త్రాగుడు మాత్రము పెరిగినట్లు కనబడలేదు. నేడు అనేక విశ్వవిద్యాలయములలోను, పెక్కు రాష్ట్రముల చట్టములలోను ఇట్టి నిబంధన కలదు. దాని షరతులు చోటునుబట్టి మారును. పిలిచినవాడు సహాయము వచ్చువరకు అచ్చటనే ఉండవలెననియు, అధికారులకు నిజము చెప్పవలెననియు సాధారణ షరతులు. కొట్లాట, బలాత్కారము, క్రొత్తవారిని హింసించుట మొదలగు నేరములకు ఇది కప్పు కాదు.

4. అపాయ లక్షణములు

ఎంత లేపినను లేవకుండుట, నిమిషమునకు ఎనిమిదికంటె తక్కువ సార్లు ఊపిరి తీయుట, లేక రెండు ఊపిరుల నడుమ పది సెకండ్లు గడచుట, చర్మము చల్లబడి పాలిపోవుట, పెదవులు నీలమగుట, మగతలో వాంతియగుట, మూర్ఛ వచ్చుట. వీనిలో ఒక్కటి కనబడినను చాలును, తక్కినవానికై వేచియుండరాదు. వెంటనే 911కు ఫోను చేయవలెను. రోగిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టవలెను. వెల్లకిల పరుండినవానికి వాంతి గొంతునకు అడ్డుపడి ఊపిరాడకపోవును. ఒంటరిగా విడువరాదు. కాఫీ పోయుట, చన్నీటి స్నానము చేయించుట వలన మేలు లేదు, కీడు కలుగవచ్చును. కడుపులోని మద్యము రక్తములో ఇంకను కలియుచునే యుండును గనుక, త్రాగుట మానిన తరువాతను స్థితి విషమింపవచ్చును. "నిద్రపోవుచున్నాడు" అను మాట అందుచేతనే ప్రమాదకరము.

5. మన విద్యార్థులకు

పరదేశ విద్యార్థి మరియొక సంగతి ఎరుగవలెను. త్రాగి కారు నడిపి అరెస్టయినచో, కోర్టు తీర్పు రాకమునుపే వీసా రద్దు కావచ్చును. 21 నిండనివానికి రక్తములో స్వల్పమాత్రమున్నను నేరమే. త్రాగినవాడు నడుపు కారులో ఎక్కకుండుట త్రాగనివానికిని నియమము కావలెను.

సమంతభద్రాచార్యుల రత్నకరండ శ్రావకాచారమున శ్రావకుని ఎనిమిది మూలగుణములలో మద్యత్యాగమొకటి. అహింసాణువ్రతమును ఆ ఎనిమిదింటిలోనిదే. మొదటిదానిని పాటించి, "త్రాగుబోతు వాడు, వాని కర్మము" అని తలుపు దగ్గరగా వేసి పోవువాడు రెండవదానిని మరచినవాడగును. వ్రతము మనలను కాపాడును. పడినవానిని కాపాడుటకు ఆ నియమావళిలోని పుట తెలిసియుండవలెను.

కావున బిడ్డను విమానమెక్కించుటకు ముందు ఒక సాయంకాలము ఆ పుటను కలసి చదువుడు. "నీవు త్రాగవని మాకు తెలియును. నీ యెదుట ఎవడైన పడిపోయినచో భయపడక ఫోను చేయుము, తరువాత ఏమి వచ్చినను మేమున్నాము" అని చెప్పి పంపుడు. ఆ రాత్రి బిడ్డకు ధైర్యము నిచ్చునది ఆ మాటయే.